నాన్నగారి పాత ల్యాప్‌టాప్, తెరుచుకోని బయోస్ తాళం

గుణుపూర్ నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన 2010లో కొన్న డెల్ ఇన్‌స్పిరాన్ ల్యాప్‌టాప్ ఆయన పోయినప్పటినుంచి బీరువాలోనే ఉంది. మొన్న చార్జర్ పెట్టి ఆన్ చేస్తే విండోస్ రాకముందే పాస్‌వర్డ్ అడిగింది. తోచినవన్నీ కొట్టారు. మూడు తప్పులయ్యాక 'సిస్టమ్ డిజేబుల్డ్' అని ఆగిపోయింది. అందులో ఇంటి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు ఉన్నాయి. దగ్గర్లో ఒక కొట్టులో చూపిస్తే "మదర్‌బోర్డు మార్చాలి, నాలుగున్నర వేలు, డేటాకి గ్యారంటీ లేదు" అన్నారట. ఈలోగా తమ్ముడు వీడియోలు చూసి, లోపలి బటన్ బ్యాటరీ తీసి, రాత్రంతా బయట ఉంచి మళ్లీ పెట్టాడు. పాస్‌వర్డ్ పోలేదు. గడియారం మాత్రం పోయింది. తెర మీద కనబడిన కోడ్ కూడా రాసి, ఇప్పుడేం చెయ్యాలి, మదర్‌బోర్డు మార్చడం మంచిదేనా అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. ఫోటోలు ఎక్కడికీ పోలేదు. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం. దాని పాస్‌వర్డ్ అనేది వీధి గుమ్మానికి వేసిన తాళం. లోపలున్న బీరువాకి దానితో సంబంధం లేదు. మీ కేసులో ఆ బీరువాని, అంటే హార్డ్ డిస్క్‌ని, గుమ్మం తియ్యకుండానే బయటికి తెచ్చుకోవచ్చు. కాబట్టి డేటా ఒక పని, పాస్‌వర్డ్ ఒక పని. రెండూ కలిపి ఒకే బేరంలో పెట్టిన చోట ల్యాప్‌టాప్ ఇవ్వకండి.

నేను పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. మా కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది ఒడియాలో "భులిగలి" అంటారు, సగం మంది "మర్చిపోయాను బాబూ" అంటారు. భాష ఏదైనా మొహంలో దిగులు ఒకటే. అందులో నిజంగా మదర్‌బోర్డు మార్చాల్సి వచ్చినవి చాలా తక్కువ.

మొదట డిస్క్ సంగతి. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ పీకి, అడుగున ఉన్న పెద్ద బ్యాటరీ తీసేయండి. ఆ కాలం మోడల్స్‌లో అడుగున స్క్రూలు రెండు మూడు విప్పితే హార్డ్ డిస్క్ దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత, రెండున్నర అంగుళాల సాటా డిస్క్. దాన్ని లాగేటప్పుడు పైకెత్తకుండా పక్కకి జరపాలి, లేకపోతే కనెక్టర్ విరుగుతుంది. యూఎస్‌బీ నుంచి సాటాకి మార్చే కేబుల్ ఒకటి మూడు నాలుగు వందలకి వస్తుంది. దానితో ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్ లాగే కనబడుతుంది. యూజర్స్ ఫోల్డర్‌లో నాన్నగారి పేరు మీద నొక్కినప్పుడు 'మీకు అనుమతి లేదు' అని ఒక పెట్టె వస్తుంది. భయపడకండి, అందులోనే కంటిన్యూ అనే బటన్ ఉంటుంది. నొక్కితే పచ్చగీత మెల్లగా పాకుతుంది. ఫోటోలు ఎక్కువుంటే పది నిమిషాలు కూడా పడుతుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో కేబుల్ పీకొద్దు.

2010 నాటి ఇళ్లలో వాడే ల్యాప్‌టాప్ అంటే చాలావరకు విండోస్ 7 హోమ్ ఉంటుంది. డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆ హోమ్ రకాల్లో లేదు, అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ రకాల్లోనే ఉండేది. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. ఇదే ప్రశ్న కొత్త ల్యాప్‌టాప్ గురించి అడిగి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. ఇప్పుడు చాలావాటిలో డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే అలాంటి తాళం, కంపెనీ నుంచే ఆన్ అయి వస్తుంది, రికవరీ కీ లేకపోతే బయటికి తీసిన డిస్క్ కూడా రాయే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డిస్క్‌కి విడిగా వేసే పాస్‌వర్డ్ ఒకటుంటుంది. అది బయోస్‌లోంచే పెడతారు, కానీ తాళం పడేది డిస్క్ లోపలే. అలాంటి డిస్క్‌ని ఏ కంప్యూటర్‌కి పెట్టినా తెరుచుకోదు. మీకు ఏది పడిందో తెలుసుకోవడం డెల్‌లో సులువు. పాస్‌వర్డ్ అడిగే తెర మీద ఒక కోడ్ ఉంటుంది, చివర గీత పెట్టి నాలుగు అక్షరాలుంటాయి. గీతకి ముందు ఏడు అక్షరాలుంటే అది ల్యాప్‌టాప్ సర్వీస్ ట్యాగ్ (డెల్ ఒక్కో మిషన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు), అంటే బయోస్ తాళం. పదకొండు ఉంటే అది డిస్క్ సీరియల్ నంబరు, అంటే డిస్క్ తాళం. మీరు రాసినదాంట్లో ఏడు అక్షరాలు, తర్వాత గీత, తర్వాత 595బి ఉంది. మంచి వార్తే.

అన్నట్టు ఆ ట్యాగ్ మొత్తం ప్రశ్నలో రాసేశారు. వెంటనే తీసేయండి. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు అందరూ దాటేసే మెట్టు. పాస్‌వర్డ్ మర్చిపోయామని వచ్చేవాళ్లలో కొందరు అసలు మర్చిపోరు. కీబోర్డు మోసం చేస్తుంది. పాతపట్నం నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు వచ్చారు ఒకసారి. మహేంద్రతనయ నది దాటితే ఇక్కడే కదా, సైకిలు వెనక చేతిసంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చారు. "నేను రోజూ కొట్టినదే కొడతన్నాను బాబూ, నా మాట నమ్మటం లేదు ఇది" అని ఆయన గోడు. పాస్‌వర్డ్ ఏమిటని అడగడం మా పద్ధతి కాదు గానీ ఆయనే పైకి చెప్పేశారు. సింహాద్రి. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు. కొట్టమన్నాను. తెర మీద చుక్కలు ఎనిమిది పడ్డాయి. తప్పంది.

కీబోర్డు కిందికి వంగి చూస్తే, ఐ అక్షరం బటన్ మూలన నీలం రంగులో చిన్న 5 ఉంది. ఎమ్ మీద 0. పాత ల్యాప్‌టాప్‌లలో కుడివైపు అంకెల పలక విడిగా ఉండేది కాదు, అక్షరాల మీదే ముద్రించేవారు. యు, ఐ, ఓ అంటే 4, 5, 6. జె, కె, ఎల్ అంటే 1, 2, 3. ఎమ్ అంటే సున్నా. నమ్ లాక్ ఆన్ అయితే ఆ బటన్లు అక్షరాలు మానేసి అంకెలు పంపుతాయి. మాస్టారు సింహాద్రి అని కొడుతుంటే మిషన్‌కి చేరుతున్నది ఎస్, 5, 0, హెచ్, ఎ, డి, ఆర్, 5. చుక్కల వెనక ఏముందో ఎవరికి కనబడుతుంది? యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తెచ్చి తగిలించాను. అదే పాస్‌వర్డ్ కొట్టారు. విండోస్ వచ్చేసింది. డబ్బులు తీసుకోలేదు, ఏం తీసుకుంటాం? ఆయన మాత్రం మర్నాడు పనసకాయ ఒకటి పంపారు.

ఇంతకీ నమ్ లాక్ ఎందుకు ఆన్ అయింది? అంతకు నెల ముందు ఎక్కడో లోపలి బటన్ బ్యాటరీ మార్పించారట. బ్యాటరీ తీస్తే బయోస్ సెట్టింగులు కంపెనీ ఇచ్చినట్టు మారిపోతాయి, కొన్ని మోడల్స్‌లో అలా మారినప్పుడు నమ్ లాక్ ఆన్ అవుతుంది. అర్థమైందా అమ్మా? మీ తమ్ముడు చేసినదీ అదే. బ్యాటరీ తియ్యడంవల్ల పాస్‌వర్డ్ పోకపోగా, సరైన పాస్‌వర్డ్ కూడా తప్పుగా చేరే పరిస్థితి వచ్చి ఉండొచ్చు. అంతకు ముందు మీరు కొట్టినవన్నీ తప్పే అయినా, ఆ తర్వాత కొట్టినవాటిని లెక్కలోకి తీసుకోకండి.

కాబట్టి స్కూల్లోంచో పక్కింట్లోంచో యూఎస్‌బీ కీబోర్డు ఒకటి అరువు తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడే తగిలించండి. క్యాప్స్ లాక్ దీపం చూసుకోండి. ఒక్కొక్క అక్షరం కొడుతూ చుక్కలు లెక్కపెట్టండి. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద ఎనిమిది కొడితే ఏడు చుక్కలే పడుతున్నాయంటే ఒక బటన్ చచ్చిపోయిందన్నమాట. టీ ఒలికిన కీబోర్డులకి, మన వానాకాలం తేమలో ఏడాది మూతపడి ఉన్న కీబోర్డులకి ఇది మామూలే. మూడు తప్పులకి ఆగిపోవడం చూసి కంగారుపడొద్దు. పవర్ బటన్ నొక్కిపెట్టి ఆపి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ మూడు అవకాశాలు వస్తాయి.

నాన్నగారు ఏం పెట్టి ఉంటారో ఆలోచించేటప్పుడు ఆయన వయసు వాళ్ల అలవాట్లు గుర్తుచేసుకోండి. స్కూటర్ నంబరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం, ఊరి దేవుడు, పాత ల్యాండ్‌లైన్ నంబరు. డైరీ వెనక అట్ట లోపలివైపు చూడండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన వారంటీ పుస్తకం మొదటి పేజీ చూడండి. నేను చూసినంతలో పెద్దవాళ్లు రాసిపెట్టుకోకుండా ఉండరు. రాసిన చోటే మర్చిపోతారు.

ఈ బ్యాటరీ చిట్కా ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తి అబద్ధం కాదు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ అనే కంప్యూటర్‌లో గడియారం చిప్ ఒకటి పెట్టారు. అందులో 64 బైట్ల జ్ఞాపకం ఉండేది. 14 గడియారానికి, మిగతా 50 సెట్టింగులకి. కరెంటు పోయినా అది మర్చిపోకుండా బ్యాటరీ పెట్టారు. తర్వాత వచ్చిన డెస్క్‌టాప్‌లలో పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉండేది. బ్యాటరీ తీస్తే సెట్టింగులతో పాటు అదీ తుడిచిపెట్టుకుపోయేది. నేను పని నేర్చుకున్న రోజుల్లో అవార్డ్ అనే కంపెనీ బయోస్ ఉన్న డెస్క్‌టాప్ వస్తే బ్యాటరీ కూడా తీసేవాళ్లం కాదు. కంపెనీ వాళ్లే పెట్టిన దొడ్డిదారి పాస్‌వర్డ్ ఒకటుండేది, అవార్డ్ అని కొట్టి, అండర్‌స్కోర్ పెట్టి, ఎస్‌డబ్ల్యూ అంటే చాలు, తెరుచుకునేది. అదంతా పెద్ద అక్షరాల్లో కొట్టాలి. ఆ చిట్కాలన్నీ డెస్క్‌టాప్ కాలం నాటివి. వీడియోల వాళ్లు ల్యాప్‌టాప్‌కి కూడా అవే చెబుతున్నారు.

ల్యాప్‌టాప్ అంటే ఎత్తుకుపోగలిగే వస్తువు. బ్యాటరీ తీస్తే పోయే తాళం దొంగకి అడ్డమేముంది? అందుకే చాలా ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్‌ని కరెంటు అక్కర్లేని చిప్‌లో దాస్తారు. రాత్రంతా కాదు, ఏడాదంతా బ్యాటరీ తీసి ఉంచినా అది అలాగే ఉంటుంది. మినహాయింపులు లేకపోలేదు. పాత థింక్‌ప్యాడ్‌లలో బయోస్ సెట్టింగులకి వేసే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టకుండా, ఆన్ చేసేటప్పటి పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టి ఉంటే, లోపలి బ్యాటరీ తీస్తే అది పోతుంది. కంపెనీ రిపేరు పుస్తకంలోనే ఆ పద్ధతి ఉంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పడితే మాత్రం బోర్డు మార్చడమే అని వాళ్లే చేతులెత్తేస్తారు. కొన్ని ఏసర్ మోడల్స్‌లో ర్యామ్ మూత కింద, బోర్డు మీద చిన్న జంట చుక్కలుంటాయి. ల్యాప్‌టాప్‌లో కరెంటు లేకుండా చేసి వాటిని క్షణకాలం కలిపితే పాస్‌వర్డ్ పోతుంది. అయితే ఏ చుక్కలో ఆ మోడల్ సర్వీస్ పుస్తకం చూసే ముట్టుకోవాలి. కనబడిన చుక్కలన్నీ ట్వీజర్స్‌తో కలుపుకుంటూ పోయిన బోర్డులు నా దగ్గరికి చాలానే వచ్చాయి, లేచి వెళ్లినవి తక్కువ.

మీ డెల్ సంగతికి వద్దాం. యూఎస్‌బీ కీబోర్డుతో కూడా కుదరకపోతే, ఆ తరం డెల్‌కి ఇంకో దారి ఉంది. తెర మీద చూపించే సర్వీస్ ట్యాగ్, చివరి 595బి, ఈ రెండింటినీ బట్టి కంపెనీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కకి వచ్చే జవాబే మాస్టర్ పాస్‌వర్డ్. మీ నాన్నగారు పెట్టిన పాస్‌వర్డ్ ఏమిటన్నది దానికి అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మీదే అని రుజువు చూపిస్తే కస్టమర్ కేర్ వాళ్లు ఆ కోడ్ ఇచ్చేవారు. ముందు అక్కడే అడగండి. బిల్లు దొరికితే దగ్గర పెట్టుకోండి, ల్యాప్‌టాప్ నాన్నగారి పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే ఆ సంగతీ చెప్పండి.

ఆ లెక్క ఇప్పుడు రహస్యం కూడా కాదు. తెలివైనవాళ్లు దాన్ని విప్పి ఇంటర్నెట్‌లో పెట్టి చాలా ఏళ్లయింది. ట్యాగ్, చివరి నాలుగు అక్షరాలు ఇస్తే జవాబు ఇచ్చే పేజీలు ఉచితంగానే ఉన్నాయి, డబ్బు అడిగేవాటి జోలికి పోవద్దు. ట్యాగ్ తీసేయమన్నది ఇందుకే. ఆ ఏడు అక్షరాలు తెలిసిన ఎవరికైనా మీ గుమ్మం తాళంచెవి దొరికినట్టే. రాసుకునేటప్పుడు సున్నాకీ ఓ అక్షరానికీ, 8కీ బికీ తేడా చూసుకోండి. తెర ఫోటో తీసుకుని పెద్దది చేసి చూడటం మేలు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద కూడా అదే ట్యాగ్ ఉంటుంది, పోల్చుకోండి.

కోడ్ కొట్టేటప్పుడు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఉన్నదున్నట్టు కొట్టాలి. కొట్టాక మామూలుగా ఎంటర్ నొక్కితే కొన్ని డెల్‌లు ఒప్పుకోవు. ఎడమవైపు కంట్రోల్ బటన్ పట్టుకుని ఎంటర్ నొక్కాలి. ఈ ఒక్క ముక్క తెలియక "ఆ కోడ్‌లన్నీ దొంగవి" అని తేల్చేసిన కుర్రాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

తెరుచుకున్నాక వెంటనే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. సెక్యూరిటీ పేజీలో అడ్మిన్ పాస్‌వర్డ్, సిస్టమ్ పాస్‌వర్డ్ రెండూ ఉంటాయి. రెండూ ఖాళీ అయ్యాయో లేదో చూడండి. తేదీ, టైమ్ సరిచెయ్యండి, లేకపోతే బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పంటుంది. ఇంకొకటి. బ్యాటరీ తీశారు కాబట్టి సాటా మోడ్ అనే సెట్టింగ్, అంటే కంప్యూటర్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, మారి ఉండొచ్చు. విండోస్ మొదలవుతూనే నీలం తెర పడి రీస్టార్ట్ అవుతుంటే డిస్క్ పోయిందనుకోకండి. ఏహెచ్‌సీఐ ఉంటే ఏటీఏకి, ఏటీఏ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి చూడండి. విండోస్ 7 ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేశారో అందులోనే లేస్తుంది. ఈ నీలం తెర చూసి విండోస్ మళ్లీ వేసేసి, ఫోటోలన్నీ తుడిచేసిన కొట్లున్నాయి.

మిగతా బ్రాండ్ల వాళ్ల కోసం కొంచెం రాస్తాను, మీరు చదవకపోయినా ఫర్వాలేదు. ఫీనిక్స్ అనే కంపెనీ బయోస్ ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు మూడు తప్పుల తర్వాత ఐదు అంకెల సంఖ్య చూపిస్తాయి. అది డెల్ కోడ్ లాంటిది కాదు. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోకుండా, దాన్ని పిండి తీసిన చిన్న లెక్క ఒకటి దాచుకుంటాయి. ఆ లెక్కకి వచ్చే జవాబులు మొత్తం 65,536 రకాలే. మనుషులు పెట్టే పాస్‌వర్డ్‌లు కోట్లు. అంటే ఎన్నో వేర్వేరు మాటలకి ఒకే జవాబు వస్తుంది. ఆ అంకెని బట్టి పేజీ వాళ్లిచ్చే మాట మీ అసలు పాస్‌వర్డ్ కాదు, అదే జవాబు వచ్చే ఇంకో మాట. అయినా తలుపు తెరుచుకుంటుంది. తాళం చేసినవాడి నిర్లక్ష్యం మనకి కలిసొచ్చిందన్నమాట. ఆఫీసులకి అమ్మే ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్ లాంటివాటిలో ఇలాంటి కన్నాలు దొరకవు.

అలాంటివాటికి చివరి దారి చిప్ చదవడం. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిప్ ఒకటుంటుంది, బయోస్ ప్రోగ్రాం అందులోనే ఉంటుంది. సీహెచ్341ఏ అనే ప్రోగ్రామర్ కొన్ని వందలకే దొరుకుతుంది. క్లిప్‌తో చిప్‌ని పట్టి, లోపలున్నది కంప్యూటర్‌లోకి తీసుకుని, పాస్‌వర్డ్ ఉన్న చోటు సరిచేసి తిరిగి రాస్తారు. చెప్పడం ఇంత సులువు. నేను మొదట్లో చేసిన తప్పు చెబుతాను. ఒక స్టూడెంట్ ల్యాప్‌టాప్. చిప్ మీద 25క్యూ64 అని కనబడింది. 25క్యూ64లు అప్పటికి ఎన్నో చదివాను కదా అని క్లిప్ పెట్టేశాను. చివరి రెండక్షరాలు చదవలేదు. ఎఫ్‌వి అయితే 3.3 వోల్టుల చిప్, ఎఫ్‌డబ్ల్యూ అయితే 1.8 వోల్టులు. అది ఎఫ్‌డబ్ల్యూ. పైగా ఆ నల్లరంగు ప్రోగ్రామర్లలో డేటా లైన్ల మీద 5 వోల్టులు వచ్చే జబ్బు ఒకటుంది. చిప్ పోయింది. అసలు ప్రోగ్రాం కాపీ తీసుకోకముందే పోయింది. కొత్త చిప్ తెప్పించి, అదే బోర్డు ఫైల్ కోసం పది రాత్రులు వెతికి, లేపగలిగాను. కానీ ఆ ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ కీ పాత చిప్‌లోనే ఉండిపోయింది. విండోస్ 8 నుంచి కంపెనీలు కీ స్టిక్కర్ మానేసి బయోస్‌లోనే పెట్టడం మొదలుపెట్టాయి. కొత్త కీ డబ్బులు నా జేబులోంచే కట్టాను.

అప్పటినుంచి భూతద్దం లేకుండా చిప్ ముట్టుకోను. చదివేది రెండుసార్లు చదువుతాను, రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే మూడో అడుగు. అసలు ఫైల్ ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి కస్టమర్‌కే ఇచ్చేస్తాను. చిప్ పని చేయించుకునేవాళ్లు మెకానిక్‌ని "అసలు ఫైల్ దాస్తారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. అక్కర్లేదన్నవాడి దగ్గరనుంచి వెనక్కి వచ్చెయ్యండి. మీ ల్యాప్‌టాప్‌కి ఇంతదూరం రాదు, రానివ్వొద్దు.

నాలుగున్నర వేల మదర్‌బోర్డు గురించి నా అభిప్రాయం అడిగారు. ఆ వయసు ల్యాప్‌టాప్‌కి దొరికేది కొత్త బోర్డు కాదు, ఇంకో పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకినది. అది ఎన్నాళ్లుంటుందో పెట్టినవాడికీ తెలియదు. ఇవాళ ఆ మిషన్‌ని అమ్మితే నాలుగున్నర వేలు రాదు. నాన్నగారి గుర్తుగా నడిపించుకోవాలనుకుంటే వేరే సంగతి, అది డబ్బుతో లెక్కపెట్టేది కాదు. అప్పుడు కూడా కోడ్‌తో తెరిచి, ఆ డబ్బులో సగంతో ఒక చిన్న ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, వేయించండి. పదిహేనేళ్ల హార్డ్ డిస్క్‌ని ఇంకా తిప్పడం మంచిది కాదు. ఫోటోలు కాపీ చేసిన రోజే రెండు చోట్ల పెట్టుకోండి.

సొంతదారు రుజువు అన్నాను కదా. మా కొట్టులో దీనికి మినహాయింపు లేదు. ఒకసారి ఒక కుర్రాడు మంచి ల్యాప్‌టాప్ తెచ్చాడు, మూత మీద ఏదో కంపెనీ ఆస్తి అని అంటించిన స్టిక్కర్ సగం గీకేసి ఉంది. ఎక్కడ కొన్నావంటే విశాఖలో అన్నాడు, కాసేపటికి రాయగడలో అన్నాడు. చెయ్యనన్నాను. రెట్టింపు ఇస్తానన్నాడు. ఆ మాటతో నా అనుమానం ఖాయమైపోయింది, తిప్పి పంపేశాను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు అమ్మేవాడి ఎదురుగానే బయోస్ తెరిచి చూసుకోవాలి. సెక్యూరిటీ పేజీలోకి వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగితే, ఎంత చవకైనా కొనొద్దు. అందులోనే కంప్యూట్రేస్ అని, పోయిన ల్యాప్‌టాప్‌ని కనిపెట్టే ఏర్పాటు ఉండి, యాక్టివేటెడ్ అని కనబడితే, దాని పాత యజమాని ఇంకా దాన్ని గమనించుకోగలడని అర్థం. మీ విషయంలో ఈ గొడవ లేదు. నాన్నగారి పేరున్న బిల్లు, లేదంటే మీదీ నాన్నగారిదీ గుర్తింపు కార్డులు, ఏదైనా నాకు చాలు.

ముందు ఇంట్లో చెయ్యగలిగినవి ఇంట్లోనే చెయ్యండి. యూఎస్‌బీ కీబోర్డు, డైరీ వెనక అట్ట, తర్వాత కస్టమర్ కేర్. డిస్క్ విప్పడానికి చెయ్యి రాకపోతే అలాగే వదిలేసి, గుణుపూర్ బండెక్కి ఒక పూట ఇటు వచ్చెయ్యండి. ఫోటోలు నింపుకోవడానికి ఖాళీ హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చుకోండి. చార్జర్ మాత్రం మర్చిపోవద్దు. మధ్యలో సన్నటి సూది ఉండే పాత డెల్ పిన్ను చార్జర్ నా దగ్గర ఒక్కటే ఉంది, అది కూడా ఎవరో ఒకరు చేత్తో వంచి పట్టుకుంటేనే కరెంటు ఇస్తుంది.